కాటన్ దొర గారి కోపం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు నెల రోజులుగా అడుగుతున్నారు. ఈసారి మహనీయుల జీవిత విశేషాలు వేస్తున్నామనీ, గోదావరి జిల్లాల వాళ్ళం అయి ఉండి కాటన్ దొర గారి మీద ఒక వ్యాసమైనా లేకపోతే బాగుండదనీ, ఆ భారం నామీదే పెడుతున్నాననీ అన్నారు. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళ మీద నోట్లు వ్రాసిన చెయ్యి ఇది. ఈ వ్యాసం కూడా అక్కడక్కడ ఆఫీసు నోటు లాగా ఉంటే మిత్రులు మన్నించాలి.

కాటన్ దొర గారు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారని మన మనుమలకు కూడా తెలుసు. డెల్టాలో ఎన్నో ఊళ్ళలో ఆయన విగ్రహాలున్నాయి. మే 15వ తేదీన రైతులు వచ్చి పూలమాలలు వేస్తారు. గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు తలచుకున్న పండితులు ఉండేవారని మా పెద్దలు చెప్పేవారు. ఒక తెల్లదొరకు, అందునా కరుడుగట్టిన క్రైస్తవ విశ్వాసికి, అటువంటి గౌరవం దక్కడం మరెక్కడా నేను వినలేదు. ఇవన్నీ అందరూ వ్రాసేవే. నేను ఆయన కోపం గురించి వ్రాద్దామనుకుంటున్నాను. కారణం చెప్పేస్తాను. నేను కోపిష్టిని. నాతో ఒకే సెక్షన్లో కూర్చున్నవారు ఈ సంఘంలో ఇంకా అయిదారుగురు ఉన్నారు, వారిని అడగండి. పైగా నేను చర్చికి వెళ్ళేవాణ్ణి. ఆత్మ ఫలముల వరుసలో చిట్టచివర వచ్చే ఆశానిగ్రహము మీద పాస్టరు గారు ప్రసంగం చేసినప్పుడల్లా మా ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి మెడ తిప్పి నన్ను చూసేది.

కోపం పాపమా అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. బైబిలులో అలా తేల్చి చెప్పలేదు. మార్కు సువార్త మూడో అధ్యాయంలో, విశ్రాంతి దినాన సమాజ మందిరంలో ఊచ చెయ్యి గలవాడు ఒకడు ఉంటే, యేసు ప్రభువు అతణ్ణి బాగుచేస్తే నేరం మోపుదామని కొందరు కాచుకుని కూర్చుంటారు. ప్రభువు వారిని కోపంతో చూశారనే అక్కడ ఉంది. అయితే ఆ కోపం వారి మీదికి పోలేదు. ఆ మనిషి చెయ్యి బాగుపడింది. అంతే జరిగింది. పౌలు గారు ఎఫెసీ సంఘానికి వ్రాస్తూ కోపానికి గడువు మాత్రం పెట్టారు. ఆ గడువు సూర్యాస్తమయం. మన భాషలో చెప్పాలంటే అది అర్జంటు స్లిప్పు పెట్టిన ఫైలు, ఆ రోజే తేల్చి పంపేయాలి. మరి కాటన్ దొర గారి కోపం యాభై ఏళ్ళు నడిచింది. అది ఆ గడువులో ఎలా ఇముడుతుందన్నదే నా సందేహం.

ఆర్థర్ థామస్ కాటన్ గారు 1803 మే 15న ఇంగ్లండులో పుట్టారు. తండ్రి హెన్రీ కాల్వలీ కాటన్ గారికి పదకొండు మంది కుమారులు. వారిలో ఈయన పదవవాడు. పదిహేనో ఏట ఆడిస్కోంబులోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా నియామకం పొంది, 1821లో మద్రాసులో దిగారు. అప్పటికి వయస్సు పద్ధెనిమిది. ఆ వయస్సులో మనం పి.యు.సి. తప్పి మళ్ళీ కట్టుకుంటూ ఉన్నాము. మరుసటి ఏడు దక్షిణాది చెరువుల శాఖలో సహాయ ఇంజనీరుగా వేశారు. కోయంబత్తూరు, మధుర, తిరునల్వేలి, తంజావూరు ప్రాంతాలన్నీ తిరిగారు. 1824లో వచ్చిన బర్మా యుద్ధానికీ వెళ్ళి వచ్చారు. జ్వరాలు ఆయన్ను అప్పుడే పట్టుకున్నాయి, జీవితంలో చాలాకాలం వదలలేదు.

తంజావూరు సీమలో ఆయన చూసిన కల్లణై గురించి ఒక మాట చెప్పాలి. కావేరి మీద చోళ రాజు కరికాలుడు కట్టించినదని చెప్పే పాత ఆనకట్ట అది. అడుగున రాయి లేదు, అంతా ఇసుకే. అయినా వందల ఏళ్ళుగా నిలబడి ఉంది. ఇసుక నదిలో పునాది ఎలా నిలబెట్టాలో ఆ పాతకాలపు పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నానని కాటన్ గారు తరువాత దాచుకోకుండా ఒప్పుకున్నారు. పాలించేవాడు పాలితుల తాతల దగ్గర పాఠం నేర్చుకున్నానని వ్రాయడం ఆ రోజుల్లో సామాన్యం కాదు. ఆ పాఠంతోనే 1836లో మొదలుపెట్టి కొళ్ళిడం మీద రెండు ఆనకట్టలు కట్టి తంజావూరుకు నీళ్ళు నిలబెట్టారు. తరువాత ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్ళి, 1841లో ఎలిజబెత్ లియర్మంత్ గారిని వివాహమాడి తిరిగి వచ్చారు. కొంతకాలం విశాఖపట్నంలో పనిచేసి, 1844లో మన గోదావరి ఒడ్డుకు చేరారు.

అప్పటి మన జిల్లా ఎలా ఉండేదో ఈనాడు పచ్చటి చేలు చూస్తూ ఊహించడం కష్టం. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమలో దానినే డొక్కల కరువన్నారు. అక్కడ అయిదు లక్షల మందిలో రెండు లక్షల మంది పోయారని లెక్క. 1839 నవంబరులో కోరంగి మీదికి ఉప్పెన వచ్చింది. ఒక ఏడు వానలు లేక, ఒక ఏడు వరదలు ఎక్కువై పంటలు పోయాయి. రాజమహేంద్రవరం జిల్లాలో 1821 ప్రాంతంలో 7 లక్షల 38 వేల జనాభా ఉంటే, ఇరవై ఏళ్ళలో అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. సర్ హెన్రీ మాంట్‌గోమరీ గారు 1844లో జిల్లా పరిస్థితి విచారించి, ఇది మామూలు రెవిన్యూ చర్యలతో బాగుపడేది కాదనీ, ఒక మంచి ఇంజనీరును పెట్టి చూడాలనీ పైకి వ్రాశారు. అలా వచ్చినవారే కాటన్ గారు.

ఇక్కడ ఆయనకు కోపం వచ్చింది. ఆయన వ్రాతలు చదివినవారు ఎవరూ కాదనలేరు. ఇంత నది, ఇన్ని నీళ్ళు, ఇంత సారవంతమైన నేల కళ్ళ ఎదుట ఉండగా, ఏటా గోదావరి సముద్రంలో కలిసిపోతూ ఉంటే, ఒడ్డున మనుషులు అన్నం లేక చనిపోతున్నారు. శిస్తు వసూలు చేసే సర్కారు మాత్రం చేతులు కట్టుకు కూర్చుంది. ఇది దైవికం కాదు, మనుషుల నిర్లక్ష్యం అని ఆయన గట్టి అభిప్రాయం. క్రైస్తవులమని చెప్పుకునే ప్రభుత్వానికి ఇది సిగ్గుచేటు అన్న బాధ కూడా అందులో ఉంది.

నాకు ఈ సందర్భంలో నెహెమ్యా గుర్తుకు వస్తాడు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా కూడా కట్టడపు పనివాడే. ఆ గ్రంథం అయిదో అధ్యాయంలో, పేదలు పొలాలు తాకట్టు పెట్టి, బిడ్డలను దాస్యానికి ఇచ్చి కూడా కడుపు నింపుకోలేకపోతున్నామని మొరపెట్టుకుంటారు. నెహెమ్యాకు మిక్కిలి కోపం వచ్చింది. వెంటనే లేచి ఎవరినీ తిట్టలేదు. ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు. ఆ తరువాతనే ప్రధానులను పిలిపించి, తీసుకున్న పొలాలు, ద్రాక్షతోటలు, వడ్డీ ఎవరిది వారికి తిరిగి ఇప్పించాడు. కోపం రావడానికీ, నోరు తెరవడానికీ మధ్య ఆయన పెట్టుకున్న ఆ కాస్త వ్యవధి చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు పట్టలేదు. ఉద్యోగంలో దెబ్బ తిన్న తరువాత పట్టింది.

ఆ దెబ్బ సంగతి చెబుతాను. 1979 ప్రాంతం అది. నేను పనిచేసిన కార్యాలయం పేరు అనవసరం. ఒక నాల్గవ తరగతి ఉద్యోగి సర్వీసులో ఉండగానే చనిపోయాడు. భార్యకు కుటుంబ పెన్షను రావాలి. సర్వీసు రిజిస్టరులో ఒక విధంగా, మరణ ధ్రువపత్రంలో ఒక విధంగా అతని ఇంటి పేరు పడింది. దాని మీద ఆబ్జెక్షను. ఆవిడ ప్రతి నెలా బస్సులో వచ్చి మా వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. సాయంత్రం దాకా కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయేది. ఒక్కనాడూ ఎవరినీ ఏమీ అనలేదు. ఏడాది గడిచింది. ఒక రోజు నాకు ఆగలేదు. ఆ ఫైలు మీదనే, ఈ ఆఫీసులో మనుషులకు గుండెలున్నాయా అన్న ధోరణిలో ఒక పేజీన్నర నోటు వ్రాసి పైకి పంపాను. వ్రాసినప్పుడు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రెండో రోజు నాకు మెమో వచ్చింది, వారంలో నా సెక్షను మార్చారు. ఫైలు నా సంజాయిషీతో కలిపి కట్టి బీరువాలో పెట్టేశారు. ఆవిడకు మరో ఏడు నెలలు ఆలస్యమైంది. నా నీతికి వెల ఆవిడ కట్టింది.

కాటన్ గారి 1844 నాటి నివేదికను, దాని మీద 1845లో ఇచ్చిన రెండోదాన్ని గురించి చదివినప్పుడు నాకు ఈ మెమో గుర్తుకు వచ్చి సిగ్గేసింది. ఆయన చేసిన పని ఏమిటంటే, తంజావూరు డెల్టాను, గోదావరి డెల్టాను పక్కపక్కన పెట్టారు. నేల ఒకటే రకం, నది ఇక్కడ ఇంకా పెద్దది. అక్కడ నీరు కట్టారు కనుక జనం బ్రతుకుతున్నారు, సర్కారుకు శిస్తు వస్తోంది. ఇక్కడ కట్టలేదు కనుక జనం పోతున్నారు, శిస్తూ పోతోంది. ఆనకట్ట ఎక్కడ, ఎంత ఎత్తు, రాయి ఎక్కడ దొరుకుతుంది, కలప ఎక్కడిది, ఎంత ఖర్చు, ఎంత రాబడి, అన్నీ వివరంగా ఇచ్చారు. ఆనకట్టకు అయ్యే ఖర్చు 4 లక్షల 75 వేల రూపాయల పైచిలుకని అంచనా వేశారు. కంపెనీ డైరెక్టర్లకు కరుణ లేదని ఆయనకు తెలుసు. వారికి పద్దు పుస్తకం ఉందనీ తెలుసు. కోపాన్నంతా ఆ పద్దు భాషలోకి దించారు. 1846లో లండను నుంచి మంజూరు వచ్చింది.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డు నుంచి ఒడ్డుకు నాలుగు మైళ్ళు ఉంటుంది. మధ్యలో లంకలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలు. నాలుగింటి మీదా కలిపి కట్టవలసిన రాతి కట్ట సుమారు రెండుంబావు మైళ్ళు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే కొట్టారు. ఇనుప పట్టాలు వేసి బండ్ల మీద నది దాకా దొర్లించారు. రైలుబండి మన దేశంలో ప్రయాణికులను ఎక్కించుకోక ముందే మన ధవళేశ్వరంలో పట్టాలు పడ్డాయి. వేలాది మంది కూలీలు పనిచేశారు. ఆయన అడిగినంతమంది ఇంజనీర్లను, మేస్త్రీలను పైవారు ఇవ్వలేదు. వచ్చినవారిలో చాలామంది కుర్రవాళ్ళు. పని తెలిసినవాడు కావాలంటే తెలియనివాణ్ణి ఇచ్చి సర్దుకోమనడం మన కాలంలో పుట్టిన ఆచారం కాదన్నమాట.

ఇటువంటి సమయంలో ఆయనకు కుడి భుజంగా నిలిచినవారు వీణెం వీరన్న గారు. కూలీలను కూడగట్టడం, వారితో పని చేయించడం, లెక్కలు చూడడం వీరన్న గారి చేతుల మీదుగా నడిచాయి. ఆయన సాయం లేకపోతే పని అయ్యేది కాదని కాటన్ గారు చెప్పారు. వీరన్న గారికి తరువాత రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. ఎక్కువ కోపం ఉన్న అధికారికి సాధారణంగా కింది వాళ్ళ పేరు నోటరాదు. పైవాడి మీద కోపం కిందివాడి మీద తీర్చుకునే అధికారులను మనం ఎంతమందిని చూశాం? కాటన్ గారి కోపం ఎప్పుడూ పై మెట్టు వైపే పోయిందని నాకు తోస్తుంది. కిందికి దిగినప్పుడు అది మెచ్చుకోలుగా మారింది.

1848లో మళ్ళీ ఆరోగ్యం పూర్తిగా చెడింది. పనిని కెప్టెన్ ఆర్ గారికి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చింది. రెండేళ్ళకు తిరిగి వచ్చి మళ్ళీ పట్టుకున్నారు. ఆ రోజుల్లోనే ఇంగ్లండు నుంచి 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేస్తూ ఉండేవారు. ఆనకట్ట కూలీల మధ్య సువార్త చెప్పడానికి ధవళేశ్వరం కూడా వచ్చారు. దొర గారు వారికి ఆప్తులు. అయితే నీళ్ళు మటుకు ఎవరు ఏ గుడికి వెళతారని అడిగి పారలేదు. 1852 మార్చి 31 నాటికి ఆనకట్ట పూర్తయింది.

ఆ వెంటనే వచ్చినది గన్నవరం అక్విడెక్టు. వైనతేయ పాయ దాటించి నగరం సీమకు నీళ్ళు పంపాలి. హేగ్ అనే యువ ఇంజనీరు నలభై అడుగుల చొప్పున 49 ఖానాలతో ఆ వంతెన కాలవ కట్టారు. మా చిన్నతనంలో ఆ ఖానాల కింద నుంచి పడవలో వెళుతూ పైన కాలవ పారుతోందంటే నమ్మకం కుదిరేది కాదు. 2000 సంవత్సరంలో దాని స్థానంలో కొత్తది వచ్చింది. దానికి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మంచి పని చేశారు. కాటన్ గారు ఉంటే ఆయనా సంతోషించేవారు. ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో కూడా 1982 నాటికి 175 తలుపుల కొత్త బ్యారేజీ పూర్తయింది. దానికి ఆయన పేరే ఉంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి ఈనాడు సుమారు పది లక్షల ఎకరాలు దాని కింద తడుస్తున్నాయి.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే భజన అవుతుంది. ఆయన నిగ్రహం తప్పిన చోట్లు కూడా ఉన్నాయి. గోదావరి గెలుపు తరువాత ఆయన కలం పదును పెరిగింది. దేశమంతా నదులను కాలవలతో కలపాలనీ, వాటి మీద పడవలు నడపాలనీ, రైళ్ళ మీద పోసే డబ్బు దండగ అనీ వాదించారు. రైలు కంపెనీలకు సర్కారు ఏటా నూటికి అయిదు చొప్పున వడ్డీకి హామీ ఇచ్చేది. కరువుకు అడ్డుకట్ట వేసే కాలవలకు మాత్రం డబ్బు లేదనేది. కోపం రావలసిన మాటే. కానీ ఆ కోపంలో రైలు వల్ల కలిగే మంచిని ఆయన సరిగా చూడలేకపోయారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఆ కాలంలోనే ప్రైవేటు కంపెనీల పెట్టుబడితో ఒరిస్సాలో ఒకటి, తుంగభద్ర మీద కర్నూలు కడప కాలవ అని మరొకటి ఆయన ఆలోచనల మీద మొదలయ్యాయి. రెండూ నష్టపోయాయి. ఒరిస్సా పనులను సర్కారు కొద్ది ఏళ్ళలోనే తీసుకుంది. కర్నూలు కడప కాలవను 1882లో కొనుక్కుంది. గోదావరి డెల్టాలో కుదిరిన లెక్క రాయలసీమ నల్లరేగడిలో కుదరలేదు. అక్కడి రైతు నీళ్ళు తీసుకోవడానికే ముందుకు రాలేదు. తన అంచనాలు తక్కువ వేశానని ఒప్పుకోవడం కన్నా, అడ్డుపడ్డవారి మీద తప్పు చూపడం ఆయనకు తేలికైంది. 1844లో కోపం లెక్కకు లొంగి నడిచింది. ఇక్కడ లెక్క కోపానికి లొంగింది. ఆ తేడా చిన్నది కాదు.

మరొకటి కూడా చెప్పాలి. ఆయన ఆ పాలన మనిషే. దొరతనం పోవాలని ఏనాడూ అనలేదు. దొరతనం తన విధి చెయ్యడం లేదని మాత్రమే అన్నారు. కాలవల వల్ల సర్కారు ఖజానా కూడా నిండింది. నీళ్ళు వచ్చిన పొలం ఎవరిదో వారు బాగుపడ్డారు. పొలం లేక వంగి నాట్లు వేసిన వారికి కడుపు నిండిందే గాని, చేతికి భూమి రాలేదు. మా పూర్వులు ఆ రెండో రకం వారు. అయినా మా తాత కాలవ నీళ్ళు దోసిట పట్టి తాగేముందు దొర గారిని తలచుకునేవాడు.

1866లో ఒరిస్సా కరువు. ఆ పైన 1876లో మొదలైన ధాత కరువు రాయలసీమను, మద్రాసు రాజధానిని రెండేళ్ళు పీడించింది. లక్షలు కాదు, నలభై యాభై లక్షల ప్రాణాలు పోయాయని లెక్కలు చెబుతున్నాయి. గోదావరి, కృష్ణ డెల్టాలు మాత్రం పండాయి. చుట్టుపక్కల వారికి కూడా ధాన్యం ఇచ్చాయి. ముప్పై ఏళ్ళ కిందట కాటన్ గారు కాగితం మీద పెట్టిన వాదానికి అంతకన్నా భయంకరమైన సాక్ష్యం ఉండదు. అప్పటికి ఆయన ఇంగ్లండులో ఉన్నారు. డెబ్భై దాటాయి. ఉపన్యాసాలు ఇచ్చారు, కరపత్రాలు వ్రాశారు, పత్రికలకు ఉత్తరాలు వ్రాశారు. ఫ్లారెన్స్ నైటింగేల్ గారు ఆయన పక్షాన నిలబడ్డారు. 1878లో పార్లమెంటు వారు లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి ఆయన్ను పిలిచారు. డెబ్భై అయిదేళ్ళ వృద్ధుణ్ణి కూర్చోబెట్టి పాత అంచనాలన్నీ తిరగదోడారు. కర్నూలు కాలవ నష్టాలు ఆయన ముందు పెట్టారు. కోపంలో వ్రాసిన పాత మాటలు ఆయనకే అడ్డం వచ్చాయి. కమిటీ ఆయనకు వ్యతిరేకంగానే వ్రాసింది. ఆయన పెట్టమన్న కాలవలకు డబ్బు రాలేదు. ఆయన నిజం చెప్పినా, దాన్ని తోసిపుచ్చడానికి ఒక వంక వారికి ఆయనే ఇచ్చారని నాకు అనిపిస్తుంది. ధాత కరువులో పోయినవారిని తలచుకుంటే ఇది వ్రాయడానికి మనసు రావడం లేదు.

అంత ఓడిపోయిన మనిషి ఇంట్లో ఎలా ఉన్నారు? ఇదే నాకు అసలు కావలసిన విషయం. ఆయన కూతురు లేడీ హోప్ గారు 1900లో తండ్రి జీవిత చరిత్ర ప్రకటించారు. కూతురు తండ్రి గురించి వ్రాసినది కనుక కొంత తగ్గించుకుని చదవాలి. అయినా ఆ పుస్తకంలో కనబడే వృద్ధుడు చేదెక్కిన మనిషి కాదు. ప్రార్థన, బైబిలు పఠనం తప్పలేదు. సర్రే జిల్లాలోని డోర్కింగులో స్థిరపడి, పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమలు వేసి, కొద్ది నేలలో ఎక్కువ గింజ ఎలా తియ్యాలో ప్రయోగాలు చేశారు. ఒక అరబ్బీ వాచకం కూడా తయారు చేశారు. కమిటీలో ఓడిన తరువాత కూడా ఇరవై ఏళ్ళు బ్రతికి, కాలవల గురించి వ్రాయడం మానలేదు.

పౌలు గారి గడువు సంగతి ఇక్కడ నాకు కొంత విడిపోయింది. మనిషి మీది కోపానికే సూర్యాస్తమయం గడువు. అది రాత్రికి ఇంట్లోకి రాకూడదు. అన్నం లేక మనుషులు పోతున్నారన్న బాధకు ఆ గడువు వర్తించదు. అది తెల్లవారి మళ్ళీ పనికి వెళ్ళాలి. కాటన్ గారు చాలా రోజులు ఈ రెండింటినీ విడదీసి ఉంచగలిగారు. కొన్ని రోజులు ఉంచలేకపోయారు. ఉంచలేకపోయిన రోజులకు ఆయన పనులే నష్టపోయాయి.

1899 జూలై 24న డోర్కింగులో ఆయన కన్నుమూశారు. తొంభై ఆరేళ్ళు. హేగ్ గారు కూడా జనరల్ హోదా దాకా వెళ్ళారు. దుమ్ముగూడెం వైపు కోయల మధ్య మిషను పని మొదలవడానికి ఆయనే కారకులు.

నా పాత ఫైలు సంగతి మధ్యలో వదిలేశాను. మా హెడ్ గుమస్తా గారు రిటైరవడానికి ముందు నన్ను ఇంటికి పిలిపించుకున్నారు. ఆయన వైష్ణవులు, నిత్యం సంధ్యావందనం చేసేవారు. ఆవిడ ఫైలు మళ్ళీ నా చేత వ్రాయించారు. మొదటి చిత్తు చూసి, ఇందులో నీ బాధ ఎక్కువగా ఉంది, ఆవిడ కాగితాలు తక్కువగా ఉన్నాయి అన్నట్లుగా తల ఊపి చింపేశారు. రెండోదీ చింపారు. మూడోదానిలో పుట్టిన తేదీ, చేరిన తేదీ, చనిపోయిన తేదీ, రెండు కాగితాలలోని ఇంటి పేర్లు, గ్రామ కరణం ధ్రువీకరణ, వర్తించే నిబంధన, ఇన్ని నెలల బకాయి ఇంత అని మాత్రమే ఉన్నాయి. పదకొండు రోజుల్లో మంజూరైంది. ఆవిడ ఆ సంక్రాంతికి ఒక చక్రకేళి గెల తెచ్చి వరండాలో అదే స్తంభం దగ్గర పెట్టి వెళ్ళింది. నేను బయటికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది.

పోయిన నెల మన సర్వసభ్య సమావేశంలో బకాయిల అర్జీ గురించి నేను లేచి కేకలు వేసిన సంగతి సభ్యులకు తెలుసు. పక్కన కూర్చున్న పాత మిత్రుడు, నాతో పాతికేళ్ళు ఒకే బల్ల పంచుకున్నవాడు, మెల్లిగా మాట్లాడమని చెయ్యి పట్టుకుంటే ఆయన్ను కూడా విదిలించి కొట్టాను. ఆ రోజు సూర్యుడు అస్తమించాడు, తరువాత చాలా సార్లు అస్తమించాడు. ఈ వ్యాసం వ్రాయడానికి కూర్చున్న రెండో రోజు సాయంత్రం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ కోడలు టీ ఇచ్చింది. ఆ గొడవ గురించి మేమిద్దరం ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. బయలుదేరేటప్పుడు గేటు దాకా వచ్చి, చెప్పులు చీకట్లో కనబడడం లేదని టార్చి పట్టాడు.

అర్జీ ముసాయిదా మూడోసారి వ్రాసి ఈ వ్యాసంతో పాటు కార్యదర్శి గారికి పంపుతున్నాను. తేదీలు, మొత్తాలు ఎవరైనా మరొకసారి సరిచూస్తే మంచిది.